డాక్టరే పేషెంటయితే: సిక్కోలు పిల్లల డాక్టరమ్మ అనుభవం (ప్రశ్నలుంటే ఇక్కడే అడగండి)

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

అందరికీ నమస్కారం. టీకాలు, జ్వరాల మీద నా జవాబులు చదివే వాళ్లు కొందరు "ఈ మధ్య కనబడటం లేదేంటమ్మా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను. నాకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. కుడివైపు భాగంలో. స్టేజ్ 3, అంటే పక్కనున్న లింఫ్ గ్రంథుల దాకా పాకింది, లివర్‌కీ ఊపిరితిత్తులకీ పోలేదు. ఆపరేషన్ అయింది, కీమో అయింది, సాయంత్రం పూట మళ్లీ ఓపీ చూస్తున్నాను.

ఎలా బయటపడిందంటే, మేడ మీది ఇంటికి ఎక్కుతుంటే ఆయాసం వచ్చేది. రక్తం చూపిస్తే హిమోగ్లోబిన్ 8, బాగా తక్కువ. నొప్పి లేదు, విరేచనంలో రక్తం కనబడలేదు. కుడివైపు పేగులో వచ్చేది ఇలాగే ఉంటుంది, రక్తం కొద్దికొద్దిగా కారుతూ మలంలో కలిసిపోతుంది, కంటికి ఆనదు. నెలసరి ఆగిపోయిన ఆడమనిషికి గానీ యాభై దాటిన మగమనిషికి గానీ ఐరన్ తగ్గిందంటే రక్తం ఎటు పోతోందో వెతకాలి, ఐరన్ టానిక్ రాసి పంపేస్తే సరిపోదు. కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకున్నాను, దొరికింది. ఇంతే కథ.

నేను రాయాలనుకున్నది అసలు ఇది కాదు. క్యాన్సర్ వచ్చినప్పటి నుంచి నేను ఎక్కువ సార్లు విన్న మాట "మీకు తెలియనిదేముంది మేడమ్". సర్జన్ అన్నాడు, కీమో డాక్టరు అన్నాడు, నర్సమ్మలు అన్నారు, చివరికి స్కాన్ దగ్గర కుర్రాడూ అన్నాడు. గౌరవంతోనే అన్నారు, కాదనను. కానీ నేను పిల్లల డాక్టర్ని. క్యాన్సర్ గురించి నాకు తెలిసింది ఎంబీబీఎస్‌లో చదివింది, అదీ ఎప్పుడో. ఆ తర్వాత వచ్చిన మందుల పేర్లు కూడా నాకు సరిగా తెలియవు. పక్క బెడ్డు ఆవిడకి పావుగంట కూర్చుని బొమ్మలు గీసి మరీ చెప్పారు. నా దగ్గరికి వచ్చేసరికి ఫైలు చేతికిచ్చి నవ్వి వెళ్లిపోయారు.

దాని ఫలితం ఒకటి చెబుతాను. నాకు ఇచ్చిన కీమో మందుల్లో ఆక్సాలిప్లాటిన్ ఒకటి, మూడు వారాలకోసారి నరంలోకి డ్రిప్పుగా ఎక్కిస్తారు. అది ఎక్కాక కొన్ని రోజులు చల్లటిదేదీ ముట్టుకోకూడదు, తాగకూడదు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తీసి మజ్జిగ గిన్నె పట్టుకున్నాను, వేళ్లలో కరెంటు కొట్టినట్టయి గిన్నె వదిలేశాను. సరేలే అని గ్లాసులో పోసుకున్న నీళ్లు ఒక గుటక వేశాను, గొంతు బిగుసుకుపోయింది. ఊపిరి ఆడుతూనే ఉంది గానీ ఆడటం లేదనే అనిపిస్తుంది. మా ఆయన సోషల్ మాస్టారు, పాపం, నా మొహం చూసి ఆయనకు చెమటలు పట్టాయి. పక్క బెడ్డు ఆవిడకి మాత్రం ముందే తెలుసు, కాయితం మీద రాసి ఇచ్చారు, చేతికి సాక్సులు తొడుక్కుని మరీ గిన్నెలు ముట్టుకుంటోందట.

వంశధార_ఒడ్డు రాశారు:

అమ్మా, మా ఇద్దరు పిల్లలకీ మీరే మందు రాశారు. చదువుతుంటే నోట మాట రాలేదు. మీరు బాగుండాలి, అరసవల్లి స్వామికి మొక్కుకుంటున్నాం. ఒక్క సందేహం, స్టెతస్కోపు కూడా చల్లగా ఉంటుంది కదమ్మా, ఎలా పట్టుకునేవారు?

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

భలే పట్టుకున్నారు. కీమో నడుస్తుండగా ఓపీలో కూర్చోలేదు, ఇన్ఫెక్షన్ భయం, పిల్లలంటేనే దగ్గూ జలుబూ. ఒకసారి అలవాటు కొద్దీ బల్ల మీద ఉన్నది తీసి మెడలో వేసుకున్నాను, ఏసీ గదిలో ఉందేమో, ఇనుప ముక్క మెడకి తగలగానే కెవ్వుమన్నాను.

గంటస్తంభం_విజీనారం రాశారు:

మేడమ్‌కి తొందరగా నయమవ్వాలి. కానీ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. "మీకు తెలియనిదేముంది" అనిపించుకోవడం మీకు కష్టంగా ఉంది. మాకు ఏమీ తెలియదని తెలిసినా చెప్పేవాడు ఉండడు. మా అమ్మకి స్కాన్ డేటు కోసం వారాల తరబడి తిరిగాం, రిపోర్టు కోసం మళ్లీ తిరిగాం. మీరు ఫోను కొడితే మర్నాడు స్కాన్ అయిపోయుంటుంది. అవునా కాదా?

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

> మీరు ఫోను కొడితే మర్నాడు స్కాన్ అయిపోయుంటుంది

అవును, మర్నాడే అయింది. ఆంధ్రా మెడికల్ కాలేజీలో నాతో చదువుకున్న వాళ్లు విశాఖలో ప్రతి వీధిలోనూ ఉన్నారు, ఒక్క ఫోనుతో పని అయిపోయింది. దీనికి నా దగ్గర సంజాయిషీ లేదు. మీ అమ్మగారు ఎదురు చూసిన ఆ వారాలు అన్యాయమే.

కాకపోతే ఫోన్ల మీద జరిగే వైద్యం ఎలా ఉంటుందో కూడా చెప్పనివ్వండి. ముక్క పరీక్ష రిపోర్టు నాకు ఫోన్లోనే వచ్చింది. స్నేహితురాలు తొందరగా తెలియాలని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేసింది. అప్పుడు ఓపీలో ఉన్నాను. బల్ల మీద నెలన్నర పాప, టీకాకి తొడ మీద దూదితో తుడిచి ఉంచాను, సిరంజీ చేతిలో ఉంది. ఫోను వెలిగింది, చూశాను, "అడినోకార్సినోమా", అంటే క్యాన్సరే. టీకా వేశాను, దూది నొక్కి పట్టుకోమన్నాను, జ్వరం వస్తే ఎన్ని చుక్కలు వేయాలో చెప్పాను. బయట ఇంకా జనం ఉన్నారు, అందరినీ చూశాను. ఆ తర్వాత చూసిన పిల్లల్లో ఒక్కరి మొహమూ ఇప్పుడు గుర్తు లేదు, చీటీలు తీసి చూస్తే నా రాతే ఉంది, డోసులన్నీ సరిగానే ఉన్నాయి. మీ అమ్మగారికి ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చెప్పి ఉంటారనుకుంటాను. నాకు ఆ కుర్చీ దొరకలేదు. ఇద్దరికీ లోటే జరిగింది, మీకు ఇంకా ఎక్కువ.

గంటస్తంభం_విజీనారం రాశారు:

ఎదురుగా కూర్చుని చెప్పలేదు మేడమ్, వరండాలో నిలబెట్టి చెప్పారు. సరే, మీరు దాచకుండా ఒప్పుకున్నారు, చాలు.

సిస్టర్_కోట_జంక్షన్ రాశారు:

నేను నర్సుని, పదిహేనేళ్ల పైనే అయింది. మేడమ్ చెప్పింది నిజమే గానీ మా వైపు కూడా వినాలి. డాక్టరు పేషెంటుగా వస్తే మాకు పెద్ద టెన్షన్. ఒక పెద్ద సర్జన్ గారు (ఎక్కడ, ఎవరు అని అడగొద్దు) అడ్మిట్ అయితే, "సార్, ఈ మందు ఎక్కేటప్పుడు చెయ్యి కదపొద్దు" అన్నానని "నాకే నేర్పుతున్నావా" అని అరిచారు. సెలైన్ స్పీడు ఆయనే పెంచేసుకున్నారు, చెయ్యి ఉబ్బింది, చివరికి మాట పడింది నాకు. ఇంకోసారి ఎవరు చెబుతారు? అందుకే "మీకు తెలుసు కదా సార్" అనేసి తప్పుకుంటాం. మీ డాక్టర్లలో సగం మందికి చెప్పించుకోవడం రాదు మేడమ్, ఉన్న మాట అంటున్నాను.

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

సిస్టర్, బాగా అన్నారు. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం ఒకటే. ఆ మజ్జిగ గిన్నె తర్వాత ప్రతిసారీ ముందే చెప్పేదాన్ని, "అమ్మా, నేను పిల్లల డాక్టర్ని, ఈ మందు గురించి నాకు ఏమీ తెలియదు, పాత బస్టాండులో కూరగాయలమ్మే మనిషికి ఎలా చెబుతారో అలా చెప్పండి" అని. అప్పుడు ఎంత బాగా చెప్పారో. ముంజేతి నరంలో ఆ మందు ఎక్కుతుంటే చెయ్యంతా లాగేస్తుంది, వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు చుడితే తగ్గుతుందని చెప్పింది పాతికేళ్లు కూడా నిండని ఒక నర్సు అమ్మాయి. వాంతులకి ఇచ్చే స్టీరాయిడ్ వల్ల ఆ రాత్రి నిద్ర పట్టదని కూడా ఆ పిల్లే చెప్పింది. నిజంగానే పట్టలేదు, తెల్లవారుజామున మూడింటికి బీరువా అంతా సర్దాను.

టెక్కలి_మందులకొట్టు రాశారు:

అందరూ గుర్తు పెట్టుకోవాల్సింది నేను చెబుతాను. కీమో చేయించుకున్న వాళ్ల ఇంట్లో వాళ్లు రాత్రి పూట వచ్చి "జ్వరం, పారాసిటమాల్ ఇవ్వు" అంటారు. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోతాయి, సాధారణంగా వారం నుంచి రెండు వారాల మధ్య. ఆ టైములో జ్వరం 100.4 దాటితే మాత్ర వేసుకుని పడుకోకూడదు, ఎంత రాత్రయినా ఆసుపత్రికి పోవాలి. నేను మాత్ర ఇవ్వను, ఆటో పిలుస్తాను. తిట్టినవాళ్లున్నారు. మేడమ్, తప్పు చెబితే సరిదిద్దండి.

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

సరిదిద్దేది ఏమీ లేదు. ఇంట్లో థర్మామీటరు ఒకటి ఉండాలి, చెయ్యి పెట్టి చూస్తే లాభం లేదు.

ఉద్దానం_కుర్రోడు రాశారు:

మేడమ్ మా నాన్నకి కడుపులో క్యాన్సర్. మాది సోంపేట దగ్గర. ఇక్కడ అందరికీ కిడ్నీ జబ్బు భయం, పరీక్షలకి వెళ్తే కిడ్నీ బాగుందన్నారు, అందరం సంతోషించాం, తర్వాత ఇది బయటపడింది. నాన్నకి చెప్పలేదు. అల్సర్ అని చెప్పాం. అన్నయ్య చెప్పొద్దంటున్నాడు, చెబితే ధైర్యం పోయి మంచాన పడతాడని. రేపు వారం కీమో మొదలు. మీరు డాక్టరూ పేషెంటూ రెండూ కాబట్టి అడుగుతున్నాను, చెప్పాలా వద్దా?

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

బాబూ, ఒక సంగతి చెబుతాను, నువ్వే ఆలోచించుకో. కీమో ఎక్కించే హాల్లో కుర్చీలు పక్కపక్కనే ఉంటాయి. నా పక్కన నరసన్నపేట వైపు తాపీ మేస్త్రి ఒకాయన కూర్చునేవాడు, అరవై దాటి ఉంటాయి. ఇద్దరు కొడుకులూ వంతులేసుకుని తెచ్చేవాళ్లు, మంచి పిల్లలు. పెద్దవాడు నన్ను బయటికి పిలిచి "అమ్మా, మా నాన్నకి అల్సర్ అని చెప్పాం, మీరు నోరు జారొద్దు" అన్నాడు. సరేనన్నాను. ఆ రోజే కొడుకు టీకి వెళ్లగానే ఆయన గోడ మీద బోర్డు చూపించి నెమ్మదిగా అడిగాడు, "డాట్రమ్మా, అల్సరోల్లని ఈ గదిలో కూకోబెడతారేటి?"

నేనేమీ అనలేదు. ఆయనే అన్నాడు, "నాకు తెల్సులెండి. పిల్లలు బెంగెట్టుకుంటారని నానే తెలీనట్టు ఉంటన్నాను." చేయాల్సినవి ఏమున్నాయో కూడా లెక్క వేసుకున్నాడు, చిన్నవాడి వాటా పొలం కాయితాలు పెద్దవాడి పేరు మీద ఉన్నాయట, అవి మార్చాలి. కానీ ఆ మాట ఎత్తితే తనకి తెలిసిపోయిందని కొడుకులకి తెలిసిపోతుంది. అందుకని ఎత్తలేకపోతున్నాడు.

నీ సంగతి: ముందు నాన్నగారినే అడుగు, "నీ జబ్బు గురించి డాక్టర్లు ఏమన్నారో నీకు అంతా తెలుసుకోవాలని ఉందా, మమ్మల్నే చూసుకోమంటావా" అని. వద్దంటే బలవంతం చేయకు. తెలుసుకుంటానంటే డాక్టరు చేత, నువ్వు పక్కన ఉండగా చెప్పించు. ఈ ప్రశ్న అన్నయ్యని అడగాల్సింది కాదు.

కవిటి_కొబ్బరితోట రాశారు:

డాక్టరమ్మగారి మీద గౌరవంతోనే, నేను ఒప్పుకోను. మా అమ్మకి చెప్పాం. చెప్పిన రోజు నుంచి అన్నం ముట్టలేదు, గోడ వైపు తిరిగి పడుకునేది. చెప్పకపోతే ఆ మిగిలిన రోజులైనా నవ్వుతూ ఉండేది. చదువుకున్న వాళ్ల మనసులు వేరు, మా అమ్మ మనసు వేరు.

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

మీ అమ్మగారి విషయంలో మీరు చూసింది నేను కాదనలేను. చదువుకున్న నేనూ గోడ వైపు తిరిగే పడుకున్నాను కొన్నాళ్లు, అది చదువుని బట్టి ఉండదు. మేస్త్రికి చదువు లేదు, ఆయన తిరగలేదు. అందుకే ముందు అడగమన్నాను.

సువర్ణముఖి_77 రాశారు:

ఏజెన్సీలో ఒకాయన పసరు ఇస్తున్నాడు, మా బంధువుకి గడ్డ కరిగిపోయింది, ఫోన్ నంబరు కావాలంటే

[నిర్వాహకుడు: ఈ పోస్టులో మిగతా భాగం తీసేశాను. మందుల నంబర్లు ఇక్కడ పెట్టొద్దు.]

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

తిట్టను. నాకూ ముగ్గురు బంధువులు సీసాలు తెచ్చిచ్చారు, ఒకటి కుంకుడు రసంలా నురుగు వచ్చింది. కీమో మందుల్ని కరిగించి పంపేది లివరూ కిడ్నీలే. పసరుతో లివర్ పరీక్ష అంకెలు పెరిగితే పడాల్సిన కీమో ఆపేస్తారు, పోయేది మీ వైద్యమే. తాగుతున్న వాళ్లుంటే కనీసం డాక్టరుకి చెప్పి తాగండి.

పొందూరు_నేత రాశారు:

మా మావయ్యకి కీమో మందు మాత్రల్లో ఇచ్చారు, కాపెసిటాబిన్ అని. అరచేతులు ఎర్రగా కంది, తోలు ఊడింది. అది తగ్గింది గానీ రేషన్ డీలరు దగ్గర వేలిముద్ర పడటం లేదు. మగ్గం నేసి అరిగిపోయాయని వాడు అంటున్నాడు. నలభై ఏళ్లు నేసినా అరగని వేళ్లు ఇప్పుడెందుకు అరుగుతాయి మేడమ్?

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

మగ్గానిది తప్పు కాదు, మాత్రదే. నేను ఆక్సాలిప్లాటిన్‌తో పాటు ఈ మాత్రలు కూడా వాడాను, పద్నాలుగు రోజులు వేసుకుని వారం ఆపడం, ఇదీ పద్ధతి. అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి తోలు లేస్తుంది, కొందరికి వేలిముద్ర గీతలు చెరిగిపోతాయి, ఇది వైద్య పత్రికల్లో నమోదైన విషయమే. నాకు సిమ్ కార్డు షాపులో మిషను ఒప్పుకోలేదు, ఆ కుర్రాడు "మేడమ్ చెయ్యి కడుక్కుని రండి" అన్నాడు. మందు ఆపాక చాలామందికి గీతలు తిరిగి వస్తాయి. ఈలోగా ఆధార్‌కి కంటిపాపతోనూ గుర్తింపు ఉంటుంది, డీలర్ని ఆ మిషను అడగండి, లేకపోతే సచివాలయంలో చెప్పండి. మావయ్యకి రోజూ వాజిలైన్ రాయమనండి, వేడి నీళ్లలో చేతులు పెట్టొద్దు. తోలు మళ్లీ లేచి నొప్పి పెడితే తర్వాతి మాత్ర వేసుకునే ముందే డాక్టరుకి ఫోన్ చేయాలి, డోసు తగ్గిస్తారు.

బొబ్బిలి_అమ్మాయి రాశారు:

మా అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది, చుట్ట నిప్పు వైపు నోటి లోపలికి పెట్టుకుని. అంగిట్లో తెల్లగా ఉంది. నొప్పి లేదంటుంది. చూపించాలా?

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

ఈ వారంలోనే చూపించు. పంటి డాక్టరయినా సరే, చెవి-ముక్కు-గొంతు డాక్టరయినా సరే. అడ్డపొగ మన ఉత్తరాంధ్ర జబ్బు. విశాఖ డాక్టర్లు 1957లోనే దీనికీ అంగిటి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద రాశారు. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే ప్రొఫెసరు బృందం మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూసి 1971లో అచ్చు వేసింది, అందులో నూటికి నలభై మందికి పైగా అడ్డచుట్ట తాగేవాళ్లే. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు, మొదట్లో నొప్పి ఉండదు. తెల్లగా ఉన్నదంతా క్యాన్సర్ కాదు. కానీ మధ్యలో ఎర్రగా గానీ పుండులా గానీ గట్టిగా గానీ ఉంటే ముక్క పరీక్ష చేయాల్సిందే. చుట్ట మానమని ఒకటికి నాలుగుసార్లు పోరు పెట్టు, మానదని నాకూ తెలుసు.

ఆమదాలవలస_రైలు రాశారు:

వైద్యానికి విశాఖ వెళ్లే వాళ్లకి ఒక సంగతి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, దువ్వాడలో ఆగే బండి అయితే అక్కడ దిగితే దగ్గర. చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వే రాయితీ ఉంది, స్లీపరు, థర్డ్ ఏసీలో రోగికి పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రిలో ఫారం నింపి స్టాంపు వేయించుకుని రిజర్వేషన్ కౌంటర్లో ఇవ్వాలి. చాలామందికి తెలియక ఫుల్ టికెట్ కొంటున్నారు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్న వాళ్లు ముందు ఆసుపత్రిలో ఆ పథకం వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లండి, డబ్బు కట్టేశాక కాదు.

హౌస్‌సర్జన్_రిమ్స్ రాశారు:

మేడమ్, ఇంకో పదేళ్లకి నా దగ్గరికి డాక్టరు పేషెంటుగా వస్తే ఏం చేయాలి? క్లాసులో ఎవరూ చెప్పలేదు.

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

కుర్చీ చూపించు, తెల్లకోటు లేని మనిషి అనుకుని మొదటి నుంచి చెప్పు. ఫలానా మందు అని పేరు చెప్పి ఊరుకోకు, ఇంట్లో ఏం తినాలి, ఏం ముట్టకూడదు, ఎప్పుడు ఫోన్ చేయాలి, ఏ నంబరుకి, అన్నీ చెప్పు. రిపోర్టు ఆవిడ చేతికిచ్చి "మీరే చూడండి" అనకు. జబ్బు మళ్లీ వస్తోందేమో చూసే రక్తపరీక్ష సీఈఏ నాకు 2 నుంచి 2.9కి వచ్చింది, 5 లోపు నార్మలే, అది నాకు తెలుసు, అయినా ఆ రాత్రంతా గ్రాఫులు గీసుకుంటూ కూర్చున్నాను. మా కీమో డాక్టరు మర్నాడు రెండు నిమిషాలు మాట్లాడి అది లెక్కలోకి రాదని చెప్పాడు, అప్పుడు పడుకున్నాను. తెలిసినదాన్ని కూడా ఇంకొకరి నోట వినాలి. ఇంకోటి, ఆవిడతో ఆసుపత్రి రాజకీయాలు మాట్లాడకు, నాకు సెలైన్ ఎక్కుతుంటే ఒకాయన ట్రాన్స్‌ఫర్ల గురించి గంటసేపు చెప్పాడు.

వంశధార_ఒడ్డు రాశారు:

అమ్మా మిమ్మల్ని మొన్న డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర చూశాం, జుట్టు అలాగే ఉంది. మా ఆవిడ "జుట్టు ఊడలేదంటే అది క్యాన్సర్ కాదేమో" అంటోంది.

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

మా వీధిలోనూ అదే అంటున్నారు. ఒకావిడ నా జడ పట్టుకుని లాగి కూడా చూసింది! అన్ని కీమోలకీ జుట్టు ఊడదు. నాకు ఇచ్చిన మందులకి పలచబడుతుంది, అంతే. గుండు లేకపోతే జబ్బు లేదనుకుని పెళ్లిళ్లకి పిలుస్తున్నారు, వెళ్తే నిలబెట్టి కబుర్లు చెబుతున్నారు, పాదాలు మొద్దుబారి ఉంటాయి, చెప్పులు జారిపోయినా తెలియదు. ముందు ఒక కుర్చీ ఇవ్వండమ్మా.

గంటస్తంభం_విజీనారం రాశారు:

మేడమ్, మళ్లీ నేనే. ఇన్నాళ్లూ చెప్పలేదు గానీ మా అమ్మకి వచ్చింది కూడా పెద్దపేగుదే, 56 ఏళ్లకి. నాకు 43. నేను పరీక్ష చేయించుకోవాలా? నాకేమీ ఇబ్బంది లేదు.

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

చేయించుకోవాలి. తల్లీతండ్రీ, తోబుట్టువుల్లో ఒకరికి వస్తే మిగతా వాళ్లు 40 ఏళ్లకి గానీ, వాళ్లకి వచ్చిన వయసు కంటే పదేళ్లు ముందు గానీ, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. మీకు మూడేళ్లు ఇప్పటికే దాటింది. ముందురోజు పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి, ఆ రాత్రి బాత్రూముకి దగ్గరగా మంచం వేసుకోండి. పరీక్షప్పుడు మత్తు ఇస్తారు, తెలియదు. చిన్న పిలకలాంటి పాలిప్ ఉంటే అప్పుడే తీసేస్తారు, అది క్యాన్సర్‌గా మారే అవకాశం అక్కడితో పోతుంది. మీ అక్కచెల్లెళ్లకి కూడా చెప్పండి. మా తమ్ముడికి చేయించాను, రెండు పాలిప్‌లు దొరికాయి.

గంటస్తంభం_విజీనారం రాశారు:

సరే మేడమ్. పైడితల్లమ్మ సిరిమాను అయ్యాక చేయించుకుంటాను, ఇంటినిండా చుట్టాలు ఉంటారు.

పిల్లల_డాక్టరమ్మ_సిక్కోలు రాశారు:

సిరిమానుకి ముందే చేయించుకోండి. తర్వాత అంటే దీపావళి అంటారు, ఆ తర్వాత సంక్రాంతి అంటారు. డేటు తీసుకుని ఇక్కడ రాయండి, నేను అడుగుతాను.

గంటస్తంభం_విజీనారం రాశారు:

వచ్చే గురువారం. మా చెల్లి కూడా వస్తానంది.